పిట్ట కన్నూ, ఒక్క బంతీ

వేములవాడ పేరు చెప్పగానే ఎవరికైనా రాజన్న గుడి జ్ఞాపకం వస్తుంది. కోడె మొక్కు తీర్చుకోవడానికి తరతరాలుగా జనం అక్కడికి వస్తూనే ఉన్నారు. శివరాత్రికైతే చెప్పనే అక్కరలేదు, లక్షల మంది చేరుతారు. అయితే, వేయి సంవత్సరాలకు పూర్వం ఈ ఊరు ఒక రాజధాని అని మీలో ఎందరికి తెలుసు? వేములవాడ చాళుక్యులు అనే రాజులు ఇక్కడి నుంచే పరిపాలించారు. వారిలో రెండవ అరికేసరి అనే రాజు ఆస్థానంలో పంపకవి ఉండేవాడు. ఆయన పదవ శతాబ్దంలో కన్నడ భాషలో భారత కథను కావ్యంగా రాశాడు. దాని పేరు “విక్రమార్జున విజయం”. అందులో తన రాజును అర్జునుడితో పోల్చి, అర్జునుణ్ణే కథానాయకుణ్ణి చేశాడు.

అర్జునుడి పేరు రాగానే మనకు తోచే కథ ఒకటి ఉన్నది. ద్రోణాచార్యుడు శిష్యులను పరీక్షించదలచి, చెట్టు కొమ్మ మీద ఒక బొమ్మ పిట్టను పెట్టించాడు. ఒక్కొక్కరినే పిలిచి, “నాయనా, నీకు ఏమేమి కనిపిస్తున్నవి?” అని అడిగాడు. ధర్మరాజు, “చెట్టు కనిపిస్తున్నది, కొమ్మలు కనిపిస్తున్నవి, తమరు కనిపిస్తున్నారు, తమ్ములు కనిపిస్తున్నారు,” అన్నాడు. “నీవు కొట్టలేవు, పక్కకు తప్పుకో,” అన్నాడు ద్రోణుడు. మిగిలిన వారూ అట్లాగే చెప్పారు. అర్జునుడు మాత్రం, “పిట్ట కన్ను తప్ప నాకు మరేమీ కనిపించటం లేదు,” అన్నాడు. బాణం వదిలాడు, పిట్ట కింద పడింది.

ఈ కథ విన్నప్పుడల్లా, “ఓస్, ఇంతేనా! నేనూ ఒక్క చోటనే చూస్తాను,” అని మనకు అనిపిస్తుంది. కాని పిల్లలూ, ధర్మరాజు చెప్పినది అబద్ధం కాదు సుమా! చెట్టూ, కొమ్మలూ, గురువూ, తమ్ములూ నిజంగానే అక్కడ ఉన్నారు. వారంతా ఉండగానే పిట్ట కన్నును మాత్రమే చూడడం అర్జునుడు చేసిన పని. అది ఎట్లా సాధ్యం? ఈ ప్రశ్నకు జవాబు క్రికెట్ ఆటలోనూ, దానికి దగ్గర చుట్టమైన బేస్‌బాల్ ఆటలోనూ బాగా దొరుకుతుంది.

ఆరు బంతులు, ఎనిమిది పరుగులు

సాయంత్రం బడి విడిచిన తరువాత వేములవాడలో ఒక మైదానంలో ఆట జరుగుతున్నదనుకోండి. ఇక ఆరు బంతులే ఉన్నాయి. ఎనిమిది పరుగులు కావాలి. ఏడవ తరగతి చదివే పిల్లవాడొకడు బ్యాటు పట్టుకొని నిలబడ్డాడు. అవతలి కొసన ఉన్నవాడు, “కొట్టరా, అంతా నీ మీదనే ఉన్నది!” అని అరుస్తున్నాడు. వెనక ఎవరో, “వీడు ఇప్పుడే ఔటయితడు, సూడు,” అంటున్నాడు. గట్టు మీద వాళ్ళ అక్క నిలబడి చూస్తున్నది. పోయిన ఆదివారం మొదటి బంతికే ఔటయిన సంగతి అతనికి మనసులో మెదులుతున్నది. ఇవాళ కూడా అట్లాగే అయితే, రేపు బడిలో అందరూ ఏమంటారో!

ఇప్పుడు ద్రోణాచార్యుడు వచ్చి, “నాయనా, నీకు ఏమేమి కనిపిస్తున్నవి?” అని అడిగితే ఆ పిల్లవాడు ఏమి చెబుతాడు? ఎనిమిది పరుగులు, అక్క, వెనకనున్న వాడి మాట, పోయిన ఆదివారం, రేపటి బడి — ఇన్ని చెబుతాడు. ఇన్నింటి నడుమ బంతికి చోటెక్కడిది?

బంతి బరువు ఎప్పుడూ ఒక్కటే. నిన్న ఉదయం ఎవరూ చూడకుండా ఆడుకున్నప్పుడు ఎంత బరువున్నదో, ఇప్పుడూ అంతే ఉన్నది. దాని చుట్టూ మనం చేర్చిన బరువునే పెద్దలు “మానసిక ఒత్తిడి” అంటారు.

ఒంట్లో జరిగేది ఏమిటి?

ఒత్తిడి మనసులో పుట్టినా, దాని పని అంతా ఒంట్లో కనిపిస్తుంది. మన మూత్రపిండాల మీద టోపీల లాగా రెండు చిన్న గ్రంథులు ఉన్నాయి. మనకు భయమో, ఆత్రమో కలగగానే ఇవి ఎడ్రినలిన్ అనే ద్రవ్యాన్ని రక్తంలోకి వదులుతాయి. దానితో గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి పొట్టిదవుతుంది, అరచేతులు చెమరుస్తాయి, కండరాలు బిగుసుకుంటాయి.

ఇది ఒంటికి పట్టిన జబ్బు కాదు. పూర్వం మనిషి అడవిలో తిరిగే కాలంలో, ఎదట పులి కనబడితే పరుగెత్తడానికో, తిరగబడడానికో ఈ ఏర్పాటు ప్రాణం కాపాడింది. ఇప్పటికీ అది కొంత మేలే చేస్తుంది. ఒళ్ళు చురుకుగా ఉంటుంది. అందుచేత గుండె దడదడలాడుతుంటే, “నాకు భయం వేస్తున్నది, పని అయిపోయింది,” అనుకోనక్కర లేదు. “ఒళ్ళు ఆటకు సిద్ధమవుతున్నది,” అనుకోవచ్చును.

అయితే ఈ ఏర్పాటులో ఒక చిక్కు ఉన్నది. పులి నుంచి పారిపోవడానికి బిగుసుకున్న కండరాలు పనికివస్తాయి గాని, బంతిని నేర్పుగా కొట్టడానికి పనికిరావు. బ్యాటును గట్టిగా బిగించి పట్టుకుంటే అది తేలికగా తిరగదు.

మరొక చిక్కు కూడా ఉన్నది. బాగా అలవాటైన పనిని మనం ఆలోచించకుండానే చేస్తాము. బద్ది పోచమ్మ గుడికి బోనం ఎత్తుకొని పోయే తల్లులను చూడండి. నెత్తి మీద కుండ, దాని మీద దీపం. అయినా ముందుకు చూస్తూ, మాట్లాడుతూ నడిచిపోతారు. “ఇప్పుడు ఏ కాలు వేస్తున్నావు? మెడ ఎంత వంచావు?” అని దారిలో అడిగి, ప్రతి అడుగునూ లెక్క చూసుకోమంటే వారి నడక తడబడదా? సైకిలు తొక్కడం కూడా ఇంతే. ఒత్తిడిలో పడిన ఆటగాడు, అలవాటుగా చేయవలసిన పనిని ముక్కముక్కలుగా ఆలోచిస్తూ చేయబోతాడు. చేతులెట్లా ఉన్నాయి, కాలు ఎక్కడ పెట్టాలి అని తనను తానే విచారిస్తుంటాడు. ఈ లోపల బంతి వెళ్ళిపోతుంది.

బంతికి ఎంత సేపు పడుతుంది?

క్రికెట్ పిచ్ పొడవు 22 గజాలు, అంటే 20 మీటర్ల పైచిలుకు. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి బ్యాటు దగ్గరికి రావడానికి సుమారు అర సెకను పడుతుంది. అమెరికాలో ఆడే బేస్‌బాల్‌లో బంతి విసిరేవాడు 60 అడుగుల 6 అంగుళాల దూరంలో నిలబడతాడు. బంతి నేలకు తగలకుండా నేరుగా వస్తుంది. మంచి వేగంతో విసిరితే అది చేరడానికి సుమారు 0.4 సెకను చాలును.

ఇంత తక్కువ కాలంలో కన్ను ఏమి చేస్తుంది? 2000 సంవత్సరంలో మైకేల్ లాండ్, పీటర్ మెక్‌లియడ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు క్రికెట్ ఆటగాళ్ళ చూపును కెమెరాతో పరీక్షించారు. బ్యాట్స్‌మన్ చూపు బంతి వెంట మొదటి నుంచి చివరిదాకా పోవడం లేదని వారు కనిపెట్టారు. బంతి చేతిని విడిచే క్షణాన్ని చూసి, అది నేలకు ఎక్కడ తగలబోతున్నదో అక్కడికి చూపు ముందుగానే దూకుతుంది. నేర్పరి చూపు మరింత త్వరగా దూకుతుంది. అంటే, ఆటగాడికి అన్నిటికంటె ముఖ్యమైనది బంతి చేతిని విడిచే ఆ ఒక్క క్షణం. అర్జునుడికి పిట్ట కన్ను ఎట్లాగో, బ్యాట్స్‌మన్‌కు బౌలరు చేయి అట్లాగు. ఆ క్షణాన అతని మనసు పోయిన ఆదివారంలో ఉంటే, కళ్ళు తెరిచి ఉన్నా లాభం లేదు.

మీరే పరీక్షించి చూడండి

ఈ ప్రయోగానికి ఒక 30 సెంటీమీటర్ల స్కేలూ, ఒక స్నేహితుడూ ఉంటే చాలు.

స్నేహితుణ్ణి స్కేలును పై కొసన పట్టుకొని నిలువుగా వేలాడదీయమనండి. కింది కొస దగ్గర, సున్న అంకె ఉన్న చోట, మీ బొటనవేలూ, చూపుడువేలూ స్కేలుకు తగలకుండా అటూ ఇటూ ఉంచండి. అతను చెప్పకుండా స్కేలును వదిలేస్తాడు. మీరు వెంటనే పట్టుకోవాలి. ఏ అంకె దగ్గర పట్టుకున్నారో రాసుకోండి. 10 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే మీకు పట్టిన కాలం సుమారు 0.14 సెకను. 15 దగ్గరయితే 0.17, 20 దగ్గరయితే 0.20, 25 దగ్గరయితే 0.23, 30 దగ్గరయితే 0.25 సెకను.

ఇట్లా పదిసార్లు చేసి సగటు కట్టండి. తరువాత, 100 నుంచి ఏడేసి తగ్గిస్తూ — 93, 86, 79 అని — పైకి లెక్కపెడుతూ మరి పదిసార్లు చేయండి. చివరకు, నలుగురు స్నేహితులను చుట్టూ నిలబెట్టి గోల చేయమని, ఇంకొక పదిసార్లు చేయండి. మూడు సగటులనూ పక్కపక్కన రాసి చూడండి. మనసు మరొక పనిలో ఉన్నప్పుడు చేతికి ఎంత ఆలస్యమవుతున్నదో మీకే తెలుస్తుంది. ఆటలో ఆ లెక్క ఎవరూ పెట్టమనరు. “ఎన్ని పరుగులు కావాలి, ఎవరు చూస్తున్నారు,” అంటూ మనమే పెట్టుకుంటాము.

ఇప్పుడు, ఈ బరువును దించుకోవడం తెలిసిన నలుగురి సంగతి చెబుతాను. వారిలో ఒకడు అమెరికావాడు. తక్కిన ముగ్గురూ మన తెలుగునేల మీద ఆట నేర్చినవారు.

బిగించని చేతులు

బేస్‌బాల్‌లో పది సార్లు బ్యాటు పట్టి మూడు సార్లు సరిగా కొట్టగలిగినవాణ్ణి గొప్ప ఆటగాడంటారు. ఏడు సార్లు తప్పినా సరే! నాలుగు సార్లు కొట్టేవాడు, అంటే సగటు 0.400 ఉన్నవాడు, బహు అరుదు.

1941లో టెడ్ విలియమ్స్ అనే 23 సంవత్సరాల యువకుడు బోస్టన్ జట్టుకు ఆడుతున్నాడు. సెప్టెంబరు 28న ఆ సంవత్సరపు చివరి రోజు ఆట, ఫిలడెల్ఫియా నగరంలో. ఒకే రోజున రెండు ఆటలు ఆడాలి. అప్పటికి విలియమ్స్ సగటు 0.39955. దీనిని మూడు దశాంశాలకు సవరించి రాస్తే సరిగా 0.400 వస్తుంది. అతను ఆ రోజు ఆడకుండా కూర్చుంటే చాలును, ఘనత దక్కిపోతుంది. ఆడి నాలుగైదు సార్లు తప్పితే చేతికి వచ్చినది జారిపోతుంది. “కావలిస్తే నీవు ఆడకు,” అని జట్టు మేనేజరు జో క్రోనిన్ అన్నాడు. విలియమ్స్ ఒప్పుకోలేదు.

ముందురోజు రాత్రి అతను నిద్రపట్టక ఊరి వీధుల్లో చాలా సేపు నడిచాడట. అంటే, అతనికీ ఆత్రం ఉన్నదన్న మాటే గదా! మరునాడు మొదటిసారి బ్యాటు పట్టుకున్నప్పుడు అంపైరు నేల మీద ప్లేటు తుడుస్తూ, 0.400 కొట్టదలచినవాడు ఒళ్ళు వదులుగా ఉంచుకోవాలని అన్నాడని విలియమ్స్ తరువాత చెప్పుకున్నాడు. ఆ రోజు రెండు ఆటలలో కలిపి ఎనిమిది సార్లకు ఆరు సార్లు సరిగా కొట్టాడు. సగటు 0.406 అయింది. అతను ఆడిన అమెరికన్ లీగులో ఆ తరువాత ఎవరూ 0.400ను అందుకోలేదు.

ఆత్రం ఉన్నంత మాత్రాన ఆట చెడదు. ఆత్రం చేతుల్లోకి దిగి, చేతులు బిగుసుకుంటేనే ఆట చెడుతుంది.

పుస్తకం పట్టుకున్న కెప్టెన్

ఆడుతున్నప్పటికంటె, ఆడడానికి వంతు కోసం కాచుకొని కూర్చున్నప్పుడే ఎక్కువ కష్టం. పరీక్ష హాలు బయట నిలబడినప్పుడు మీకు ఇది అనుభవమే.

మిథాలీ రాజ్ తమిళ కుటుంబంలో పుట్టి, సికింద్రాబాదులో పెరిగి, అక్కడే ఆట నేర్చుకున్నది. 2002లో, 19 సంవత్సరాల వయసులో ఇంగ్లండు దేశపు టాంటన్ పట్టణంలో టెస్టు ఆటలో 214 పరుగులు చేసింది. 2017 జూన్ 24న డెర్బీ పట్టణంలో ప్రపంచ కప్పు ఆట. ఎదట ఇంగ్లండు జట్టు. మిథాలీ మన జట్టుకు కెప్టెన్. కాళ్ళకు ప్యాడ్లు కట్టుకొని, తన వంతు కోసం కాచుకొని, మైదానం పక్కన కూర్చున్నది. కెమెరాలు ఆమె వైపు తిరిగినప్పుడు ఆమె చేతిలో ఏమున్నదనుకున్నారు? ఒక పుస్తకం! పారశీక కవి రూమీ కవితలు చదువుకుంటున్నది. చదవడం వల్ల మనసు నెమ్మదిస్తుందని తరువాత ఆమె చెప్పింది. ఆ రోజు 71 పరుగులు చేసింది. భారత జట్టు 35 పరుగుల తేడాతో గెలిచింది.

పుస్తకం చదివినందువల్ల పరుగులు వచ్చాయని అనలేము. ఏళ్ళ తరబడి చేసిన సాధన వల్ల పరుగులు వచ్చాయి. కాని కాచుకొని కూర్చున్న ఆ గంటసేపు రాబోయే బంతులన్నిటినీ మనసులో ముందే ఆడి అలసిపోకుండా పుస్తకం కాపాడింది.

రోజంతా ఆట

2001 మార్చిలో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియాతో టెస్టు ఆట జరిగింది. అంతకు ముందు ఆస్ట్రేలియావారు వరసగా 16 టెస్టులు గెలిచి ఉన్నారు. వారు 445 పరుగులు చేస్తే, మనవారు 171కే ఔటయ్యారు. 274 పరుగులు వెనకబడి మళ్ళీ వెంటనే ఆడవలసి వచ్చింది. మన జట్టు ఓటమి ఖాయమని చాలామంది అనుకున్నారు.

మొదటిసారి ఆ 171లో 59 పరుగులు చేసినవాడు హైదరాబాదు యువకుడు వి.వి.ఎస్. లక్ష్మణ్. అప్పటికి అతనికి 26 సంవత్సరాలు. తల్లిదండ్రులిద్దరూ విజయవాడలో వైద్యులు. అతను చివరివాడుగా ఔటై తిరిగి రాగానే, ప్యాడ్లు విప్పవద్దని, ఈసారి మూడవవాడుగా ఆడాలని జట్టువారు చెప్పారు. నడుము నొప్పి ఒక పక్క బాధిస్తున్నది. అవతలి కొసకు వచ్చి నిలిచిన రాహుల్ ద్రావిడ్‌కు జ్వరం.

మార్చి 14న, అంటే ఆట నాలుగవ రోజున, ఉదయం నుంచి సాయంత్రం దాకా ఈ ఇద్దరూ ఔట్ కాలేదు. 90 ఓవర్లలో 335 పరుగులు చేశారు. ఇద్దరూ కలిసి 376 పరుగులు జోడించారు. లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180. లక్ష్మణ్ ఆడినవి 452 బంతులు, కొట్టిన ఫోర్లు 44. మరునాడు హర్భజన్ సింగ్ బంతులకు ఆస్ట్రేలియా కుప్పకూలింది. భారత జట్టు 171 పరుగుల తేడాతో గెలిచింది.

ఈ 452 అంకెను మరొకసారి చూడండి. ఉదయం లేచి, “నేను 452 బంతులు ఆడాలి,” అనుకుంటే ఎవరికైనా గుండె జారిపోతుంది. కాని 452 బంతులను ఒక్కసారిగా ఎవరూ వేయరు. ఎప్పుడు వచ్చినా ఒక్క బంతే వస్తుంది. సిరిసిల్ల నేతగాణ్ణి అడిగి చూడండి. చీర అంతా ఒక్క దెబ్బతో నేయగలడా? ఒక పోగు, దాని పక్కన మరొక పోగు. సాయంత్రానికి చీర అవుతుంది.

99 దగ్గర మూడు బంతులు

నాలుగవవాడు విశాఖపట్నం కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డి. 2024 డిసెంబరు 28న ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ మైదానంలో, ఎనభై వేల మందికి పైగా చూస్తుండగా బ్యాటు పట్టాడు. అప్పటికి భారత జట్టు 191 పరుగులకు 6 వికెట్లు పోగొట్టుకున్నది. ఆస్ట్రేలియా చేసినది 474. నితీశ్ వయసు 21. వాషింగ్టన్ సుందర్‌తో కలిసి ఎనిమిదవ వికెట్టుకు 127 పరుగులు జోడించాడు.

99 పరుగుల దగ్గర ఉండగా అవతలి కొసన తొమ్మిదవ వికెట్టు పడింది. ఇక మిగిలినవాడు సిరాజ్ ఒక్కడే. పాట్ కమిన్స్ ఓవరులో ఇంకా మూడు బంతులు ఉన్నాయి. వాటిని ఆడవలసినది సిరాజ్. అతను ఔటయితే నితీశ్ 99 దగ్గరే ఆగిపోవాలి. నితీశ్ చేయగలిగినది ఏమీ లేదు. అవతలి కొసన నిలబడి చూడడమే. గ్యాలరీలో అతని తండ్రి ముత్యాల రెడ్డి చేతులు జోడించి నిలబడ్డాడు. కొడుకు ఆట కోసం ఉద్యోగం వదులుకున్న తండ్రి ఆయన.

సిరాజ్ మూడు బంతులూ కాచుకున్నాడు. తరువాతి ఓవరులో బోలాండ్ వేసిన బంతిని నితీశ్ ఫోరు కొట్టి నూరు దాటాడు. తండ్రి కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. మరునాడు నితీశ్ 114 దగ్గర ఔటయ్యాడు.

చివరకు ఆ టెస్టులో భారత జట్టు 184 పరుగుల తేడాతో ఓడిపోయింది. ఇది కూడా మనం మరచిపోకూడదు. నితీశ్ తన పని తాను చేశాడు. ఆట ఫలితం అతని ఒక్కడి చేతిలో లేదు. సిరాజ్ ఆడిన మూడు బంతులూ అతని చేతిలో లేవు. తన ఎదటికి వచ్చిన బంతి ఒక్కటే అతని చేతిలో ఉన్నది. ఏది మన చేతిలో ఉన్నదో, ఏది లేదో తెలుసుకుంటే ఒత్తిడి సగం తగ్గుతుంది.

మీరు చేయవలసిన పనులు

గొప్పవారి కథలు విని ఊరుకుంటే లాభం లేదు. మీరు కూడా చేసి చూడడానికి తేలికయిన పనులు కొన్ని చెబుతాను.

మొదటిది ఊపిరి. మణికట్టు దగ్గర నాడి మీద వేళ్ళు పెట్టి, నిదానంగా గాలి పీల్చి వదలండి. పీల్చేటప్పుడు నాడి కొంచెం వేగంగాను, వదిలేటప్పుడు కొంచెం నెమ్మదిగాను కొట్టుకోవడం చాలామంది పిల్లలకు తెలుస్తుంది. కనుక వదలడం ఎక్కువ సేపు ఉండాలి. నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. బ్యాటు పట్టుకోబోయే ముందు మూడుసార్లు చేస్తే చాలు.

రెండవది చేతులు. బ్యాటును ఒక్కసారి గట్టిగా పిసికి, వెంటనే వదులు చేయండి. పిచ్చుక పిల్లను పట్టుకున్నట్టు ఉండాలి. ఎగిరిపోకూడదు, నలిగిపోనూకూడదు.

మూడవది ఒక మాట. బౌలరు పరుగెత్తుకు వస్తున్నప్పుడు మనసులో “బంతి, బంతి” అనుకోండి. మనసుకు చిన్న పని ఒకటి ఇస్తే అది ఊరంతా తిరగదు. చూపు బౌలరు చేతి మీద ఉంచండి.

నాలుగవది మరపు. బంతి అయిపోగానే రెండడుగులు పక్కకు వేసి, దూరంగా ఒక చెట్టునో, ఆకాశాన్నో చూడండి. బాగా ఆడినా, తప్పినా ఆ బంతి వెళ్ళిపోయింది. మళ్ళీ మొదటి నుంచి ఊపిరి, చేతులు, మాట.

అయిదవది అలవాటు. ఇవన్నీ పోటీ రోజున మొదలుపెడితే పనిచేయవు. రోజూ ఆడుకునేటప్పుడే చేయాలి. “ఆరు బంతులు, ఎనిమిది పరుగులు” అని పందెం పెట్టుకొని, స్నేహితులను కావాలని గోల చేయమని ఆడండి. చిర్రగోనె ఆడినా సరే. గోలకు అలవాటు పడితే గోల చిన్నదవుతుంది.

ఈ పద్ధతి ఆటకే కాదు, పరీక్షకూ, సభలో పద్యం చదవడానికీ పనికివస్తుంది. ప్రశ్నపత్రంలో పది ప్రశ్నలుంటే, పదింటినీ ఒకేసారి ఎవరూ రాయలేరు గదా.

తల్లిదండ్రులకు ఒక మాట

పిల్లలు ఆడి ఇంటికి రాగానే మనం మొదట అడిగే మాట, “ఎన్ని కొట్టావు?” అని. అడిగేది ప్రేమతోనే. కాని సున్నా కొట్టిన రోజున ఆ మాటకు జవాబు చెప్పడానికి పిల్లవాడికి నోరు రాదు. నాలుగు రోజులు అట్లాగే జరిగితే ఆట మానేస్తాడు. ఆట రాక మానినవారి కంటె, ఔటయితే ఏమంటారోనని మానినవారు తక్కువేమీ కాదు. దానికి బదులు, “ఇవాళ బంతి బాగా కనిపించిందా?” అని అడిగి చూడండి. ఆ మాటకు సున్నా కొట్టినవాడు కూడా ధైర్యంగా జవాబు చెప్పగలడు. ఔటయిన బంతి ఎట్లా వచ్చిందో తానే వివరిస్తాడు. ఆడపిల్లలను కూడా ఇట్లాగే అడగాలి సుమా! వేములవాడ లాగే దేవుడి గుడితో పేరొందిన ఊరు భద్రాచలం. అక్కడి అమ్మాయి గొంగడి త్రిష 2025 ఫిబ్రవరి 2న కౌలాలంపూర్‌లో 19 ఏళ్ళలోపు అమ్మాయిల ప్రపంచ కప్పు ఫైనలులో మూడు వికెట్లు తీసి, 44 పరుగులతో ఔట్ కాకుండా నిలిచి కప్పు తెచ్చింది. చిన్న ఊరు అన్నది కూడా మనం మోసే అక్కరలేని బరువులలో ఒకటి.

పిల్లలూ! చెట్టూ, కొమ్మలూ, గురువూ, తమ్ములూ ఎప్పుడూ ఉంటారు. వారిని పొమ్మనలేము, పొమ్మననక్కర కూడా లేదు. రేపు సాయంత్రం మీ వంతు వచ్చినప్పుడు ఊపిరి నిదానంగా వదిలి, చేతులు వదులు చేసి, బౌలరు చేతి వంక చూడండి. కొట్టగలిగితే సంతోషమే. ఔటయితే అవతలివాడికి బ్యాటు ఇచ్చి రండి. ఎల్లుండి మళ్ళీ మీ వంతు వస్తుంది.